ఇంటి తెరకు కంప్యూటర్: యంత్రం ఏది, ఆపరేటింగ్ సిస్టమ్ ఏది?

ముందు బీరువాలోని క్యాసెట్లు లెక్కించండి... ఆ తరువాతే కొనుగోలు

విజయవాడ: 1921లో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా హాలును నెలకొల్పిన నాటి నుంచి బెజవాడకు, వెండితెరకు విడదీయరాని అనుబంధం ఉన్నది. గాంధీనగర్‌లోని పంపిణీ కార్యాలయాల నుంచి బయలుదేరిన రీలు పెట్టెలు కృష్ణా డెల్టాలోని ఊరూరి హాళ్లకు చేరేవి. కాలక్రమంలో సినిమా వీసీఆర్ రూపంలో, ఆపై వీసీడీ, డీవీడీల రూపంలో ఇళ్లలోకి ప్రవేశించింది. పెళ్లి, ఓణీల వేడుక, గృహప్రవేశం వంటి శుభకార్యాల వీడియోలు సైతం ఆ క్యాసెట్లు, డిస్కుల రూపంలోనే బీరువాలకు చేరాయి. వీటన్నింటినీ ఒకే చోట భద్రపరచి, పెద్ద తెరపై చూపగలిగే సాధనమే హోం థియేటర్ కంప్యూటర్.

రెండు పరిణామాల వల్ల ఈ విషయం పలు కుటుంబాలకు అవసరమైనదిగా మారింది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వరద సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచెత్తింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది. ఇళ్లలో నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. మునిగిన టీవీని మళ్లీ కొనుక్కోవచ్చును. మునిగిన పెళ్లి క్యాసెట్‌ను ఏ దుకాణంలోనూ కొనలేము. ఇక రెండవది, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. దానితో చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు సైతం పాత సామానుగా మూలకు చేరుతున్నాయి. మూలకు చేరిన ఆ యంత్రమే బీరువాలోని క్యాసెట్లకు ఆధారం కాగలదు. అయితే ఏది సరిపోతుందో, ఏది సరిపోదో ముందుగా తెలిసి ఉండాలి.

ఎవరికి అవసరం? ఎవరికి అనవసరం?

హోం థియేటర్ కంప్యూటర్ అంటే ప్రత్యేకమైన యంత్రమేమీ కాదు. టీవీకి లేదా ప్రొజెక్టర్‌కు అనుసంధానించి, రిమోట్‌తో నడుపుకొనే మామూలు కంప్యూటరే. సినిమాలు, పాటలు, ఫొటోలను ఒక చక్కని పట్టికగా తెరపై చూపే సాఫ్ట్‌వేర్ అందులో ఉంటుంది.

ఓటీటీ వేదికలు, యూట్యూబ్ మాత్రమే చూసేవారికి దీని అవసరం లేదు. స్మార్ట్ టీవీ గానీ, టీవీ వెనుక అమర్చే చిన్న స్ట్రీమింగ్ పరికరం గానీ ఆ పనిని తక్కువ ఖర్చుతో, మరింత స్పష్టంగా చేస్తుంది. ఇంట్లో సొంత వీడియోలు, డిస్కులు, వేల సంఖ్యలో ఫొటోలు ఉండి, వాటిని ఇంటిల్లిపాదీ కలిసి చూడాలనుకునే వారికే కంప్యూటర్ ప్రయోజనకరం. ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం తేల్చుకుంటే సగం అనవసర వ్యయం తప్పుతుంది.

ముందుగా తేల్చవలసిన లెక్క

దుకాణానికి వెళ్లేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ‘ఏ ప్రాసెసర్ మంచిది?’ అన్నది. నిజానికి మొదట తెలియవలసింది ఇంట్లో ఏయే రకాల వీడియోలు ఉన్నాయన్నదే.

వీసీడీలో ఉండేది ఎంపెగ్-1 వీడియో. చిత్రం పరిమాణం 352 నిలువు వరుసలు, 288 అడ్డు వరుసలు. ఒక డిస్కులో గంటా పావుకు మించి పట్టదు కాబట్టే తెలుగు సినిమా రెండు, మూడు డిస్కులుగా వచ్చేది. డీవీడీలో ఎంపెగ్-2 వీడియో ఉంటుంది. దాని పరిమాణం 720, 576. 2007 ప్రాంతంలో మోసర్ బేయర్ సంస్థ వీసీడీని రూ.28కి, డీవీడీని రూ.34కి విక్రయించడంతో ఈ డిస్కులు మధ్యతరగతి ఇళ్లలో పెద్ద సంఖ్యలో పోగుపడ్డాయి. ఈ రెండింటినీ ఇరవై ఏళ్ల నాటి కంప్యూటర్ కూడా సునాయాసంగా చూపగలదు.

మినీ డీవీ క్యాసెట్ల విషయం వేరు. గంట వీడియోకు దాదాపు 13 జీబీ స్థలం కావాలి. వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఫైర్‌వైర్ పోర్టు తప్పనిసరి. కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టు కనిపించదు. పాత యంత్రాన్ని అమ్మివేసే ముందు వెనుక వైపు ఆ పోర్టు ఉందేమో చూసుకోవడం మంచిది. అలాగే ఆ క్యాసెట్‌ను ఆడించే కెమెరా కూడా పనిచేస్తూ ఉండాలి.

వీహెచ్‌ఎస్ క్యాసెట్లకు వీసీఆర్‌తో పాటు, దాని సంకేతాన్ని కంప్యూటర్‌కు అందించే క్యాప్చర్ పరికరం అవసరం. ప్రపంచంలో వీసీఆర్లు తయారు చేస్తూ వచ్చిన చివరి సంస్థ జపాన్‌కు చెందిన ఫునాయ్ 2016 జూలైలో ఉత్పత్తిని నిలిపివేసింది. అంటే ప్రస్తుతం పనిచేస్తున్నవన్నీ పాత యంత్రాలే. గంట క్యాసెట్‌ను ఎక్కించడానికి గంట సమయం పడుతుంది. దీనికి దగ్గరిదారి లేదు. తీరప్రాంతపు తేమకు టేపుపై తెల్లని బూజు పట్టి ఉంటే దానిని వీసీఆర్‌లో పెట్టరాదు. బూజు యంత్రంలోని హెడ్‌కు అంటుకుని తరువాతి క్యాసెట్లకూ వ్యాపిస్తుంది. అటువంటి వాటిని ముందుగా శుభ్రం చేయించాలి.

ఇక సెల్‌ఫోన్‌లో తీసిన 4కె వీడియో గంటకు దాదాపు 10 నుంచి 20 జీబీ వరకు ఆక్రమిస్తుంది. పాత కంప్యూటర్‌కు అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది.

వేగం కన్నా డీకోడింగ్ ముఖ్యం

వీడియోను కుదించి భద్రపరచే పద్ధతిని కోడెక్ అంటారు. కుదించిన దానిని క్షణానికి 24, 25 లేదా అంతకన్నా ఎక్కువ చిత్రాలుగా తిరిగి విప్పడమే డీకోడింగ్. ఈ పనిని ప్రాసెసర్‌లో గానీ, గ్రాఫిక్స్ కార్డులో గానీ ఉండే ప్రత్యేక విభాగం చేస్తే విద్యుత్తు తక్కువ ఖర్చవుతుంది, యంత్రం వేడెక్కదు, చిత్రం ఆగదు. ఆ విభాగానికి తెలియని కోడెక్ ఎదురైతే మొత్తం భారం ప్రాసెసర్‌పై పడుతుంది. ఫ్యాను హోరెత్తుతుంది, చిత్రం తడబడుతుంది. ఎంతో వేగవంతమైన పాత ప్రాసెసర్ తడబడిన చోట, చిన్న కొత్త ప్రాసెసర్ తేలికగా నెగ్గుకురావడానికి కారణం ఇదే.

ఇంటెల్ ప్రాసెసర్లను ఉదాహరణగా తీసుకుంటే, 2011 నాటి రెండవ తరం నుంచి హెచ్.264 కోడెక్‌ను యంత్రభాగమే నిర్వహిస్తుంది. హెచ్‌ఈవీసీ అనే హెచ్.265 కోడెక్ 2015 నాటి ఆరవ తరంలో, దానిలోని 10 బిట్ రకం ఏడవ తరంలో చేరాయి. ఏవీ1 కోడెక్ 2020 నాటి 11వ తరంలో వచ్చింది. యూట్యూబ్‌లో 1080పి వరకు హెచ్.264 లభిస్తుంది. అంతకు మించిన 4కె వీడియో వీపీ9 లేదా ఏవీ1 రూపంలోనే వస్తుంది.

దీని సారాంశం సులభమే. ఇంట్లో డిస్కులు, క్యాసెట్లు, 1080పి వీడియోలు మాత్రమే ఉంటే రెండవ తరం లేదా ఆపై కంప్యూటర్ చాలు. ఫోన్‌లో తీసిన 4కె వీడియోలు కూడా ఉంటే ఏడవ తరం లేదా ఆపైది కావాలి. కొత్తగా కొంటున్నవారు మాత్రం ఏవీ1 ఉన్నదానినే ఎంచుకోవాలి.

మూడు మార్గాలు

మొదటిది, ఇంట్లోని పాత డెస్క్‌టాప్. దీనికి అదనపు ఖర్చు హార్డ్‌డిస్కు స్థానంలో ఒక ఎస్‌ఎస్‌డీ, 4 లేదా 8 జీబీ ర్యామ్, శుభ్రపరచి ప్రాసెసర్‌పై కొత్త థర్మల్ పేస్టు రాయించడం మాత్రమే. డీవీడీ డ్రైవు, ఫైర్‌వైర్ కార్డు అమర్చుకునే చోటు ఉండడం దీని గొప్ప సౌలభ్యం. క్యాసెట్లు ఎక్కించే పని పూర్తయ్యే వరకైనా దీనిని ఉంచుకోవడం ఉత్తమం.

రెండవది, అరచేతి పరిమాణంలో లభించే మినీ కంప్యూటర్. 2023లో మార్కెట్‌లోకి వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ నిర్ణీత విద్యుత్ పరిమితి 6 వాట్లు మాత్రమే. అయినా హెచ్.264, హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1లను యంత్రభాగమే విప్పుతుంది. ఇంటి తెర అవసరాలకు అంతకు మించిన ప్రాసెసర్ గానీ, విడి గ్రాఫిక్స్ కార్డు గానీ అవసరం లేదు. ఆటలు ఆడేవారి కోసం ఉద్దేశించిన ఖరీదైన కార్డును సినిమా చూడడానికి కొనడం వృథా.

మూడవది, రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డు. 2019లో వచ్చిన పై 4, 2023లో వచ్చిన పై 5 రెండూ హెచ్‌ఈవీసీ 4కె వీడియోను చూపగలవు. రెండింటిలోనూ ఏవీ1కు యంత్రసహాయం లేదు. టీవీ రిమోట్‌తోనే నడిపే సీఈసీ సౌకర్యం వీటిలో ఉండడం విశేషం. మామూలు కంప్యూటర్లలో అది అరుదు. సరైన సామర్థ్యం గల అడాప్టర్ వాడకపోతే ఇవి మధ్యలో ఆగిపోతాయి. ఏదో ఒక ఫోన్ చార్జర్‌తో సరిపెట్టరాదు.

నిల్వ ఎంత కావాలి?

ఉదాహరణకు ఒక ఇంట్లో 20 మినీ డీవీ క్యాసెట్లు, 30 డీవీడీలు, 50 వీసీడీలు ఉన్నాయనుకుందాం. క్యాసెట్లకు 260 జీబీ, డీవీడీలు గరిష్ఠంగా 8.5 జీబీ చొప్పున 255 జీబీ, వీసీడీలు 700 ఎంబీ చొప్పున 35 జీబీ అవుతాయి. మొత్తం 550 జీబీ. ఫోన్ వీడియోలు, ఫొటోలు కలిపినా 2 టీబీ హార్డ్‌డిస్కులో హాయిగా ఇమిడిపోతాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు వేరుగా 120 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే కంప్యూటర్ వెంటనే తెరుచుకుంటుంది. రెండవ ప్రతి కోసం అదే పరిమాణం గల మరొక డిస్కును లెక్కలో చేర్చుకోవాలి. ఖర్చు తగ్గించుకోవలసి వస్తే ప్రాసెసర్‌పై తగ్గించుకోవచ్చును గానీ ఈ రెండవ డిస్కుపై కాదు.

తెర, తీగ, ధ్వని

పాత వీడియోను పెద్ద టీవీలో చూసి ‘కంప్యూటర్ బాగోలేదు’ అని నిరాశ చెందేవారు ఉంటారు. వీసీడీ చిత్రంలో ఉండేవి లక్ష పైచిలుకు చుక్కలు. 4కె తెరపై ఉండేవి దాదాపు 83 లక్షలు. ఒక్కొక్క చుక్కను 82 రెట్లు సాగదీస్తే మసకబారడం సహజం. ఏ ప్రాసెసరూ లేని వివరాన్ని సృష్టించలేదు. ఇటువంటి వీడియోలను తెరంతా నింపకుండా కొంత చిన్నగా చూడడమే మేలు. పాత పెళ్లి వీడియోలు నాలుగుకు మూడు నిష్పత్తిలో ఉంటాయి. వాటిని వెడల్పు తెరకు సాగదీస్తే వధూవరుల ముఖాలు లావెక్కి కనిపిస్తాయి. ప్లేయర్‌లో అసలు నిష్పత్తిని అలాగే ఉంచాలి.

క్యాసెట్ల నుంచి ఎక్కించిన వీడియోలో ఎవరైనా కదిలినప్పుడు అంచుల వద్ద దువ్వెన పళ్ల వంటి గీతలు కనిపిస్తే కంగారు పడనక్కర లేదు. ఆనాటి వీడియో ఒక్కొక్క చిత్రాన్ని రెండు సగాలుగా నమోదు చేసేది. ప్లేయర్‌లో డీఇంటర్‌లేసింగ్ సదుపాయాన్ని ఆన్ చేస్తే గీతలు మాయమవుతాయి. ఎక్కించే సమయంలో మాత్రం చిత్రాన్ని ఏ మార్పూ లేకుండా భద్రపరచాలి.

4కె టీవీకి హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు గల కంప్యూటర్ కావాలి. పాత 1.4 పోర్టు 4కె చిత్రాన్ని క్షణానికి 30 సార్లకు మించి పంపలేదు. సినిమాలు క్షణానికి 24 చిత్రాలు, మన దేశపు వీడియోలు 25 చిత్రాలు. టీవీ మాత్రం 60 సార్ల చొప్పున చూపుతూ ఉంటే కెమెరా మెల్లగా తిరిగే దృశ్యాల్లో చిన్న కుదుపు కనిపిస్తుంది. వీడియోను బట్టి తెర వేగాన్ని మార్చే అమరిక ప్లేయర్‌లో ఉంటుంది. దానిని ఆన్ చేసుకోవాలి.

5.1 ధ్వని కావాలనుకునేవారు కంప్యూటర్‌ను హెచ్‌డీఎంఐ ద్వారా రిసీవర్‌కు, అక్కడి నుంచి టీవీకి కలపడం ఉత్తమం. ఆప్టికల్ తీగ డీవీడీలోని డాల్బీ డిజిటల్‌ను అందించగలదు గానీ, బ్లూరేలోని ట్రూహెచ్‌డీ వంటి ధ్వనులను మోయలేదు. రెండు స్పీకర్లతో సరిపెట్టుకునే ఇంట్లో ఈ వివరాలకు ప్రాధాన్యం లేదు.

ఎండ, ఉక్కపోత, కరెంటు

కంప్యూటర్ పెట్టెలపై ముద్రించే సూచనలు రోహిణీ కార్తెలోని బెజవాడను దృష్టిలో ఉంచుకుని రాసినవి కావు. 40 డిగ్రీలు దాటిన వేడిలో, మూసి ఉన్న టీవీ షోకేసులో యంత్రాన్ని ఉంచితే ఏ ఫ్యానూ కాపాడలేదు. వెనుక, పక్కల కనీసం నాలుగు అంగుళాల ఖాళీ వదలాలి. ఫ్యాను లేని మినీ కంప్యూటర్ నిశ్శబ్దంగా ఉంటుంది గానీ, ఏసీ లేని గదిలో నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను ఉన్నదే సురక్షితం. దివిసీమ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి. వారంలో కొన్ని గంటలైనా యంత్రాన్ని నడుపుతూ ఉంటే లోపలి తేమ ఆరుతుంది. క్యాబినెట్ వెనుక ఖాళీ స్లాట్లను మూసివేయాలి. లేకుంటే బల్లులు, చీమలు లోపల చేరి బోర్డును పాడుచేస్తాయి.

చిన్న యూపీఎస్ తప్పనిసరి. అది సినిమా పూర్తిగా చూడడానికి కాదు, కరెంటు పోయినప్పుడు కంప్యూటర్‌ను సక్రమంగా ఆపడానికి. డిస్కుపై రాస్తున్న సమయంలో విద్యుత్తు పోతే ఫైళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంటికి సరైన ఎర్తింగ్ ఉన్నదీ లేనిదీ ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. ఉరుములు, మెరుపుల సమయంలో ప్లగ్గుతో పాటు కేబుల్, ఇంటర్నెట్ తీగలను కూడా తీసివేయాలి. పిడుగు ప్రభావం ఆ తీగల ద్వారా సైతం యంత్రంలోకి చేరగలదు.

బిల్లు సంగతి కూడా చూడాలి. 150 వాట్ల పాత డెస్క్‌టాప్‌ను రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంచితే నెలకు 108 యూనిట్లు ఖర్చవుతాయి. దానినే రోజుకు మూడు గంటలు వాడితే 13.5 యూనిట్లు సరిపోతాయి. 15 వాట్ల మినీ కంప్యూటర్ నెలంతా నడిచినా 11 యూనిట్లు దాటదు. శ్లాబు మారితే యూనిట్ ధర కూడా పెరుగుతుంది కాబట్టి, రోజంతా నడవవలసిన యంత్రమైతే మినీ కంప్యూటర్, సాయంత్రాలకు మాత్రమైతే పాత డెస్క్‌టాప్ అన్నది తగిన ఎంపిక.

విండోస్‌నా, లినక్స్‌నా?

ఒకప్పుడు ఈ ప్రశ్నకు విండోస్ మీడియా సెంటర్ తేలికైన సమాధానంగా ఉండేది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో, 2002లో ప్రారంభమైన ఆ సదుపాయం విస్టా, విండోస్ 7లలో కొనసాగింది. 2015లో విండోస్ 10తో మైక్రోసాఫ్ట్ దానిని విరమించింది. విండోస్ 8 నుంచి డీవీడీ సినిమా చూపే సామర్థ్యం కూడా విండోస్‌లో అంతర్భాగంగా లేదు. వీఎల్‌సీ వంటి ఉచిత ప్లేయర్ ఆ లోటును తీరుస్తుంది.

విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా భాగం, సాధారణంగా ఎనిమిదవ తరం లేదా ఆపై ఇంటెల్ ప్రాసెసర్ ఉండాలి. అంతకు ముందటి యంత్రాలకు ఆ దారి మూసుకుపోయినట్లే. విండోస్ 10 వాడుతున్న గృహ వినియోగదారులకు భద్రతా సవరణలను 2026 అక్టోబర్ 13 వరకు పొడిగించే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అది శాశ్వత పరిష్కారం కాదు. సవరణలు అందని విండోస్‌తో ఇంటర్నెట్‌లో విహరించడం, బ్యాంకు లావాదేవీలు జరపడం ప్రమాదకరం.

పాత కంప్యూటర్‌కు లినక్స్ మంచి ఆధారం. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది ఉబుంటు, లినక్స్ మింట్ వంటి సంపూర్ణ ఆపరేటింగ్ సిస్టమ్. దానిపై కోడి అనే ప్లేయర్‌ను స్థాపించుకోవచ్చు. 2002లో ఎక్స్‌బాక్స్ ఆటల యంత్రం కోసం మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌బీఎంసీగా పేరొంది, 2014లో కోడి అయింది. క్యాసెట్లు ఎక్కించడం, వీడియోలు కత్తిరించడం, ఇంటర్నెట్ చూడడం వంటి పనులు కూడా ఉన్నవారికి ఈ రకం అనువైనది.

రెండవది లిబ్రెఎలెక్. ఓపెన్‌ఎలెక్ నుంచి 2016లో వేరుపడిన ఈ చిన్న వ్యవస్థలో కోడి తప్ప మరేమీ ఉండదు. స్విచ్ నొక్కగానే నేరుగా సినిమాల పట్టిక తెరుచుకుంటుంది. బ్రౌజర్, డెస్క్‌టాప్ ఉండవు కాబట్టి పొరపాటున ఏదో నొక్కి చెడగొట్టే అవకాశమూ తక్కువే. ఇంట్లో పెద్దలు వాడే యంత్రానికి ఇది తగినది. అయితే స్థాపించే సమయంలో ఎంచుకున్న డిస్కులోని సమాచారమంతా తుడిచివేస్తుందని మరువరాదు. వీడియోలు ఉన్న డిస్కును ముందుగా ఊడదీసి పక్కన పెట్టాలి.

మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. హార్డ్‌డిస్కు జోలికి పోకుండానే తెర, ధ్వని, వైఫై పనిచేస్తున్నాయో లేదో పరీక్షించుకోవచ్చు. ఈ పరీక్షకు ఖర్చయ్యేది ఒక పెన్‌డ్రైవ్, అరగంట సమయం.

లినక్స్‌కు ఒక ముఖ్య పరిమితి ఉంది. చెల్లింపు ఓటీటీ సంస్థలు తమ అత్యున్నత నాణ్యతను తాము ధ్రువీకరించిన పరికరాలకే అందిస్తాయి. లినక్స్ కంప్యూటర్‌లో సాధారణంగా 4కె అందదు, తక్కువ స్పష్టతతో సరిపెట్టుకోవలసి వస్తుంది. విండోస్‌లో సైతం బ్రౌజర్‌ను, తెరను బట్టి పరిమితులుంటాయి. కాబట్టి ఓటీటీలను టీవీలోనే చూసి, సొంత నిధిని కంప్యూటర్‌కు అప్పగించడం తెలివైన పద్ధతి.

తెలుగు పేర్లతో ఫైళ్లను భద్రపరచేవారు ఎంపికకు ముందు వత్తులు, గుణింతాలు తెరపై సరిగా కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి. పెట్టెలు కనిపిస్తే తెలుగు ఫాంటు లేదని, అక్షరాలు విడివిడిగా కనిపిస్తే ఆ ప్లేయర్‌కు గాని, ఎంచుకున్న ఫాంటుకు గాని తెలుగు కూర్పు తెలియదని అర్థం. విండోస్‌లో గౌతమి, లినక్స్‌లో నోటో తెలుగు ఫాంట్లు ఉపయోగపడతాయి. ఫైలు పేరు ప్రారంభంలో సంవత్సరం, నెల, తేదీ రాసుకుంటే ఏ భాషలో ఉన్నా వరుసక్రమం తప్పదు.

టీవీ ఛానళ్ల మాటేమిటి?

ఒకనాడు కేబుల్ తీగను నేరుగా కంప్యూటర్‌లోని టీవీ ట్యూనర్ కార్డుకు తగిలించి సీరియళ్లు రికార్డు చేసుకునేవారు. 2012 నుంచి దశలవారీగా జరిగిన కేబుల్ డిజిటలీకరణతో ఆ కార్డులు నిరుపయోగమయ్యాయి. ఇప్పుడు ఎవరైనా పాత అనలాగ్ కార్డును చౌకగా ఇస్తానన్నా కొనరాదు. కేబుల్, డీటీహెచ్ ఛానళ్లకు సెట్‌టాప్ బాక్సే మార్గం. 2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా నెలకు రూ.149 మొదలుకొని ఇంటర్నెట్, టీవీ, ఫోన్‌లను తన సొంత బాక్సు ద్వారానే అందించింది. దూరదర్శన్ ఫ్రీడిష్‌లోని ఉచిత ఛానళ్లను మాత్రం డీవీబీ-ఎస్2 ట్యూనర్‌తో కంప్యూటర్‌లో చూడవచ్చు.

అమెరికా నుంచి వచ్చిన యంత్రాలు

పిల్లలు అమెరికా నుంచి తెచ్చిన కంప్యూటర్లు జిల్లాలోని పలు ఇళ్లలో ఉన్నాయి. వాటి అడాప్టర్‌పై 100-240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చుకుని నిస్సంకోచంగా వాడవచ్చు. 120 వోల్టులు మాత్రమే అని ఉంటే మన 230 వోల్టులకు తగిలించిన మరుక్షణమే కాలిపోతుంది. అక్కడి డీవీడీలు ఒకటవ రీజియన్‌వి, మనవి ఐదవ రీజియన్‌వి. కంప్యూటర్ డ్రైవులో రీజియన్‌ను ఐదు పర్యాయాలకు మించి మార్చడం కుదరదు. చివరిసారి మార్చినదే స్థిరపడుతుంది. కనుక అడిగిన ప్రతిసారీ ‘సరే’ నొక్కరాదు.

రెండు ప్రతులు, రెండు చోట్లు

యంత్రం ఏదైనా, ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా, హార్డ్‌డిస్కు ఏదో ఒకనాడు విఫలమవుతుంది. ఒకే డిస్కులో ఉన్న వీడియో భద్రంగా ఉన్నట్లు కాదు. రెండవ డిస్కులో ప్రతి తీసి, దానిని వేరే ఇంట్లో, వీలైతే వేరే ఊరిలోని బంధువుల వద్ద ఉంచాలి. ఒకే ఇంట్లో రెండు డిస్కులు ఉంటే బుడమేరు వంటి వరద రెండింటినీ ఒకేసారి ముంచుతుంది. ఆరు నెలలకొకసారి ఆ డిస్కును తెప్పించి, తెరిచి చూసి, కొత్త వీడియోలను చేర్చాలి. పల్లపు ప్రాంతాల్లోని వారు కంప్యూటర్‌ను నేలపై కాక ఎత్తైన అరపై అమర్చుకోవాలి. ఒకవేళ డిస్కు తడిస్తే ఆరిందనుకుని కరెంటు ఇవ్వరాదు. డేటా రికవరీ చేసేవారికి అప్పగించే వరకు అలాగే ఉంచాలి. క్యాసెట్లను కంప్యూటర్‌కు ఎక్కించిన తరువాత కూడా పారవేయరాదు.

కోడి స్వతహాగా చట్టబద్ధమైన సాఫ్ట్‌వేర్. దానికి జోడించే అనధికారిక యాడాన్ల ద్వారా కొత్త సినిమాలు ఉచితంగా చూడడం మాత్రం కాపీరైట్ ఉల్లంఘన. వాటి వెంట వైరస్‌లు చొరబడే ప్రమాదమూ ఉన్నది. కుటుంబ జ్ఞాపకాలున్న డిస్కును అటువంటి ముప్పుకు గురిచేయరాదు.

కొనే ముందు

కొత్త యంత్రం కోసం దుకాణానికి వెళ్లేవారు ఒక పెన్‌డ్రైవ్‌లో నాలుగు నమూనాలు తీసుకువెళ్లాలి. ఒక డీవీడీ ఫైలు, ఒక 1080పి సినిమా, ఫోన్‌లో తీసిన ఒక 4కె వీడియో, తెలుగు పేరున్న ఒక పాట. వాటిని అక్కడే పెద్ద తెరపై ఆడించమని అడగాలి. 4కె వీడియో నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ వినియోగం 20, 30 శాతం లోపు ఉంటే డీకోడింగ్ సక్రమంగా జరుగుతున్నట్లు భావించవచ్చు. దాదాపు 100 శాతం చూపితే ఆ యంత్రం గానీ, దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ గానీ తగినది కాదు. ఫ్యాను చప్పుడు దుకాణపు రణగొణ ధ్వనిలో వినిపించదు కాబట్టి దగ్గరగా చెవి పెట్టి వినాలి. జీఎస్‌టీ బిల్లు, వారంటీ పత్రం తప్పక తీసుకోవాలి.

ఇంట్లో పాత కంప్యూటర్ ఉన్నవారు మాత్రం కొనుగోలు ఆలోచనను కొంతకాలం వాయిదా వేసుకోవచ్చు. ముందుగా దానిలో లినక్స్ మింట్‌ను పరీక్షించి, క్యాసెట్లు ఎక్కించడం ప్రారంభించాలి. కొత్త యంత్రాలు ఎప్పుడైనా దొరుకుతాయి. వీసీఆర్, పాత కెమెరా, బూజు పట్టని టేపు ఈ మూడూ పనిచేసే కాలం మాత్రం ఏటేటా తగ్గిపోతున్నది.